పొదుగు గిడ్డంగి

తిరపతమ్మ గేదె గిడ్డంగిగా మారింది ఒక గురువారం నాడు. ఆ రోజు పొద్దున పిండేటప్పటికి అది మామూలు గేదే. పేరు కాటుక, రెండో ఈత, ఈని ఇరవై రోజులు. పూటకు మూడు లీటర్లకు తక్కువ కాకుండా ఇస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి అది ప్రభుత్వ రికార్డుల్లో నలభై ఏడో నంబరు గిడ్డంగి. ఈ రెంటికీ మధ్య కాటుక చేసిందల్లా ఒక బకెట్టు కుడితి తాగడమే.

పొట్టివానిపాలెంలో తిరపతమ్మకు ఉన్న ఆస్తి ఆ గేదె ఒక్కటే. మొగుడు పోయి ఆరేళ్లయింది. ఆయన వదిలి వెళ్లింది ఒక బండి, ఆ బండి లాగే దున్నపోతు. బండి ఎప్పుడో అమ్ముడుపోయింది. దున్నపోతును కొనేవాడు లేక అది ఇంటి వెనక గాటికే ఉండిపోయింది. పేరు పోతురాజు. తినడం, పడుకోవడం, మళ్లీ తినడం దాని దినచర్య. దానికి గడ్డి, తిరపతమ్మకు బియ్యం, దూడకు తవుడు, అన్నీ కాటుక పొదుగులోంచే రావాలి.

పాల ధర సంగతి అందరికీ తెలిసిందే. ఎండాకాలంలో లీటరు యాభై దాటుతుంది. కార్తీకం వచ్చేసరికి గేదెలు ఒకదాని వెనక ఒకటి ఈనుతాయి, పాలు పొంగుతాయి, ధర ముప్పైకి పడుతుంది. ఒక్కోసారి పొద్దుటి ధర సాయంత్రానికి ఉండదు. ఈ ఎగుడుదిగుళ్లను ఊరివాళ్లు తమకు చేతనైనట్టు ఈడ్చుకొచ్చేవాళ్లు. ధర పడినప్పుడు కొన్నదాణా తగ్గించి పచ్చిగడ్డి పెంచేవాళ్లు. సగం పాలు కేంద్రానికి పోసి, సగం తోడేసి, వెన్న తీసి, నెయ్యి కాచి దాచుకునేవాళ్లు. పెళ్లిళ్ల కాలంలో ఆ నెయ్యి అమ్మి గట్టెక్కేవాళ్లు. ఈ పద్ధతిలో ఎవరి సంతకమూ అక్కర్లేదు. ప్రభుత్వం దృష్టిలో అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉండదు.

ఆ లోపాన్ని సరిదిద్దడానికి జిల్లాలో పాల ధరల స్థిరీకరణ మండలి అని ఒకటి వెలిసింది. దానికి ఐదు కార్లు, పద్నాలుగు గదులు, ఒక సంచాలకుడు. సంచాలకుడి పేరు పరాంకుశరావు. ఆయన అంతకుముందు ఇరవై రెండేళ్లు మిర్చి శీతల గిడ్డంగుల్లో పనిచేశాడు. పాలను గ్లాసులో తప్ప మరోచోట చూసి ఎరగడు. కానీ సరుకు అన్నాక నిల్వ చేయాలి, ధర వచ్చాక తీయాలి అన్న ఒక్క ముక్క ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇరవై రెండేళ్లలో నేర్చుకున్న ముక్కను ఉద్యోగం మారిందని పారేసుకునే రకం కాదాయన.

ఆ గురువారం పొద్దున పాల కేంద్రం ముందు షామియానా వేశారు. పరాంకుశరావు మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"రైతు సోదర సోదరీమణులారా! మిర్చి రైతును పరిశీలించండి. ధర లేనప్పుడు అతడు ఏమి చేస్తాడు? సరుకును శీతల గిడ్డంగిలో ఉంచి సంయమనం పాటిస్తాడు. మరి మీరు ఏమి చేస్తున్నారు? ధర ఉన్నా పిండుతున్నారు, లేకున్నా పిండుతున్నారు. రోజుకు రెండు పర్యాయాలు పిండుతున్నారు! దీనిని మండలి విచక్షణారహిత దోహనంగా గుర్తించింది. ధరల పతనానికి మూలకారణం ఇదే."

జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పూటపూటా గేదె కింద కూర్చోవడం ఇంత పెద్ద నేరమని వాళ్లకు అప్పటిదాకా తెలియదు.

"ప్రకృతి మాత ప్రతి గేదెకు ఒక నిల్వ సదుపాయాన్ని ఉచితంగా సమకూర్చింది" అన్నాడు పరాంకుశరావు. "దానికి అద్దె లేదు. విద్యుత్ బిల్లు లేదు. ఒక పైకప్పు, నాలుగు నిష్క్రమణ ద్వారాలు. నేటి నుండి ప్రతి పొదుగునూ మండలి గిడ్డంగిగా గుర్తిస్తుంది. ధర అనుకూలించిన రోజున విడుదల ఉత్తర్వు వస్తుంది. అంతవరకు సరుకు లోపలే భద్రంగా ఉంటుంది."

ముందు వరసలో కూర్చున్న బాపయ్య మాస్టారు చప్పట్లు కొట్టాడు. ఆయన ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠం చెప్పి రిటైరై, వచ్చిన డబ్బులో కొంత పెట్టి శాంత అనే గేదెను కొనుక్కున్నాడు. గవర్నమెంటు వాళ్లు మైకులో ఏది చెప్పినా చప్పట్లు కొట్టడం ఆయనకు అలవాటు. తిరపతమ్మకు అలాంటి అలవాట్లు లేవు. లేచి నిలబడింది.

"సారూ, పిండకపోతే పొదుగు వాచుద్ది గదా?"

"వాపు అనేది ఉత్పత్తిదారుల పరిభాష అమ్మా. మండలి పరిభాషలో దానిని నిల్వ సామర్థ్య విస్తరణ అంటారు."

"రాయల్లే గట్టిపడుద్ది సారూ."

"దృఢత్వం గిడ్డంగికి ఉండవలసిన లక్షణమే."

"ఆనక వట్టిపోద్ది. మళ్లీ ఈనేదాకా చుక్క రాదు."

పరాంకుశరావు పక్కకు వంగి, వట్టిపోవడమంటే ఏమిటని అడిగాడు. పక్కనున్న తనిఖీ అధికారి ఫణీంద్ర ఆయన చెవిలో ఏదో చెప్పాడు.

"అలా జరిగితే అది గిడ్డంగి నిర్వాహకుల నిర్లక్ష్యంగా పరిగణించబడుతుంది. నిర్వాహకులు అనగా మీరే" అన్నాడు పరాంకుశరావు. "ఇది బలవంతం కాదు. పూర్తిగా స్వచ్ఛందం. అయితే గిడ్డంగిగా నమోదు కాని పశువు పాలను ఈ కేంద్రం స్వీకరించదు."

దాంతో ఊరంతా స్వచ్ఛందంగా వరసలో నిలబడింది.

ఫణీంద్ర తిరపతమ్మ ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట. పాతికేళ్ల కుర్రాడు, పాలిష్ చేసిన బూట్లు, చేతిలో ముప్పై ఒక్క గడుల ఫారం. ఆ ఫారం మిర్చి గిడ్డంగుల కోసం అచ్చువేసింది. మిగిలిపోయినవి వృథా చేయడం ఎందుకని వీటికే వాడుతున్నారు.

"నిర్మాణం పూర్తయిన సంవత్సరం?"

"ఎవరిది సారూ?"

"గిడ్డంగిది."

తిరపతమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి కాటుక పుట్టిన ఏడాది చెప్పింది. పైకప్పు రకం అన్నచోట ఫణీంద్ర కాస్త ఆలోచించి, చర్మం అని రాశాడు. ఎలుకల బెడద లేదని రాశాడు. నిప్పు అంటుకుంటే ఆర్పడానికి ఏర్పాటు లేదని, కాటుక పక్కన ఒక ఇసుక బకెట్టు వేలాడదీయించాడు. కాటుక అది కుడితి అనుకుని మూతి పెట్టి, తుమ్మి, ఆయన ఫారం మీద కొంత ఇసుక చల్లింది.

"గిడ్డంగిని అనుమతి లేకుండా ఒక సర్వే నంబరు నుంచి మరో సర్వే నంబరుకు తరలించకూడదు."

"మజ్జానం కుంటలోకి తోలాలి గదా. నీళ్లల్లో పడుకోకపోతే బర్రెగొడ్డు ఎట్టా బతుకుద్ది?"

"కుంటలోకి దిగితే సరుకు తడుస్తుంది" అన్నాడు ఫణీంద్ర.

ఆ ముక్క కూడా ఫారంలో రాసుకుని, గాటి పక్కనున్న దూడ వైపు వేలు చూపించాడు.

"ఇదేమిటి?"

"దూడ సారూ. దాని బిడ్డ."

"ఏం చేస్తుంది?"

"పాలు తాగుద్ది. అది పొదుగు కుడిస్తేనే తల్లి చేపుద్ది. చేపితేనే పాలు దిగుతయ్యి."

"సరుకు అనధికార తరలింపు" అని రాసుకుని, దూడను ముప్పై అడుగుల దూరంలో కట్టేయాలని ఆదేశించాడు. ఆ తర్వాత నిల్వ సామర్థ్యం కొలవడానికి టేపు పట్టుకుని కాటుక వెనక్కి వంగాడు. కొత్త మనిషి చెయ్యి పొదుగుకు తగిలితే గేదె ఏం చేస్తుందో ఆ ఫారంలో ఏ గడిలోనూ లేదు. కాటుక ఒక్క కాలే విసిరింది. ఫణీంద్ర పేడకుప్పలో కూర్చుని, కూర్చున్నచోటి నుంచే సామర్థ్యం 'అపరిమితం' అని రాశాడు. ఆ రోజు నుంచి ఆ అబ్బాయి ఏ గిడ్డంగినీ గోడ దాటి తనిఖీ చేయలేదు.

చివరికి సీలు. తలగడ గలీబులాంటి తెల్లటి గుడ్డసంచి ఒకటి పొదుగుకు తొడిగి, దాని నాడాలు నడుం చుట్టూ తిప్పి, వీపు మీద ముడివేయించారు. ముడి మీద ఎర్రటి లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర గుద్దారు. మెడలో నలభై ఏడు అని రాసిన రేకుపలక కట్టారు. లక్క పగిలితే నేరమని, పట్టుబడితే పశువును స్వాధీనం చేసుకుంటామని తిరపతమ్మ చేత వేలిముద్ర వేయించుకుని వెళ్లారు. ఆ మాట మాత్రం ఆమెకు స్పష్టంగా అర్థమైంది. లక్క పగిలితే కాటుక పోతుంది. లక్క పగలకపోయినా కాటుక పోతుంది.

రోజూ సాయంత్రం నాలుగింటికి ఫోనులో సందేశం వచ్చేది. 'గౌరవనీయ గిడ్డంగి నిర్వాహకులారా, నేటి ధర అనుకూలం కాదు. నిల్వ కొనసాగించగలరు.' సందేశం వచ్చే వేళకు ఊళ్లో గేదెలన్నీ ఒక్కసారి అరిచేవి. అది పిండే వేళ. ఫోనులో ఏం రాశారో వాటికి తెలియదు గానీ పొదుగు సలుపు వాటికి తెలుసు. తెల్ల సంచులు తడిసి, చుక్కలు చుక్కలుగా నేల మీద కారుతుంటే ఊరి పిల్లులన్నీ కొట్టాల చుట్టూ చేరాయి. ముప్పై అడుగుల దూరంలో దూడలు తలుగులు తెంచుకోబోతున్నాయి. ఫణీంద్ర గోడ అవతల నిలబడి ఒక్కో గిడ్డంగికీ ఆ రోజు జమ ఆరు లీటర్లు అని రాసుకుని పోయేవాడు. నిన్నటి ఆరుకు ఇవాళ్టి ఆరు కలిపితే పన్నెండు. కూడిక తెలిసిన ప్రభుత్వానికి గేదెతో పనేముంది?

రెండో రోజు సాయంత్రానికి కాటుక మేత ముట్టలేదు. మూడో రోజు పొద్దున కాళ్లు ఎడం పెట్టి నిలబడి, పడుకోవడానికి కూడా భయపడుతోంది. తిరపతమ్మ మాస్టారి గేదె ఎలా ఉందో చూద్దామని వాళ్లింటికి పరుగెత్తింది.

బాపయ్య మాస్టారు శాంత పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, చెంబులో నీళ్లు పెట్టుకుని సంచి మీద తడిగుడ్డ వేస్తున్నాడు. తిరపతమ్మ వంగి సంచి మీద నుంచే చెయ్యి పెట్టి చూసింది. ఒక పక్క నిప్పులా కాలుతోంది. వేలితో నొక్కితే దిగడం లేదు.

"మాస్టారూ, పొదుగువాపు వచ్చేసింది. లక్క పగలగొట్టి పిండండి. ఇప్పుడు పిండకపోతే రొమ్ములు పోతయ్యి."

"అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను తిరపతమ్మా. ఏడు పని దినాల్లో జవాబిస్తామన్నారు."

"ఏడు దినాలా! ఇది యాడ ఆగుద్ది?"

"నిబంధన పెట్టాక పాటించాలి గదమ్మా. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు అదే చెప్పాను. ఇప్పుడు నేనే తప్పితే ఎట్లా?" అన్నాడు మాస్టారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన శాంత వైపు చూడలేకపోయాడు. కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు.

తిరపతమ్మకు ఒళ్లు మండింది. మాస్టారి మీద కాదు. మంచివాడిని పట్టుకుని అతని మంచితనంతోనే అతని గేదెను చంపించే వాళ్ల మీద. విసవిసా ఇంటికొచ్చి కాటుక వెనక నిలబడి చూసింది. నిన్నటి నుంచి మేత లేక దాని డొక్కలు లోపలికి పోయాయి. బిగించి కట్టిన నాడాలు వదులై వేలాడుతున్నాయి. లక్క మాత్రం ఎర్రగా, గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది.

ఆమె నాడాలను రెండు చేతులా పట్టుకుని తొంటి మీదుగా మెల్లగా వెనక్కి లాగింది. లంగా జారినట్టు సంచి మొత్తం జారి చేతిలోకి వచ్చింది. ప్రభుత్వం వేసిన ముడి ప్రభుత్వం వేసినట్టే ఉంది.

వేడినీళ్ల కాపడం పెట్టి, ఆముదం రాసి, దూడను విప్పింది. అది ఒక్క దూకున వచ్చి పొదుగులో మూతి పెట్టి పొడిచింది. కాటుక ఒళ్లంతా ఒకసారి వణికింది. మొదట తరకలు తరకలుగా వచ్చింది. దాన్ని నేలకు పిండేసింది. ఆ తర్వాత సన్నగా, ఆ తర్వాత ధారగా, బకెట్టులో చప్పుడు చేస్తూ పాలు దిగాయి. నాలుగు రొమ్ములూ మెత్తబడేదాకా తిరపతమ్మ లేవలేదు. బతికింది, నా గొడ్డు బతికింది అనుకుంటూ కాటుక డొక్కకు నుదురు ఆనించి ఏడ్చేసింది.

ఏడుపు అయ్యాక సంచి సంగతి ఆలోచించింది. సీలు పగలలేదు. కానీ సీలు ఏదో ఒక పశువుకు ఉండాలి. ఇంటి వెనక పోతురాజు కళ్లు మూసుకుని నెమరు వేస్తున్నాడు. ఆమె సంచి తీసుకెళ్లి వాడికి తొడిగింది. నాడాలు సరిగ్గా సరిపోయాయి. సంచిలో ఎండుగడ్డి కూరింది. మెడలో నలభై ఏడో నంబరు పలక కట్టింది. పోతురాజు ఒక్క కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకున్నాడు. కాటుకను పక్కింటి కొట్టంలోకి మార్చి, ఆ గాటికి వాడిని కట్టేసింది.

సాయంత్రం ఫణీంద్ర వచ్చి గోడ అవతల నుంచి తొంగిచూశాడు.

"ఇవాళ అరవడం లేదే?"

"అలవాటు పడింది సారూ" అంది తిరపతమ్మ.

'గిడ్డంగి ప్రశాంతం. సీలు భద్రం. కారుడు లేదు' అని రాసుకున్నాడు. సరుకు రోజురోజుకూ పెరగాలి కాబట్టి తిరపతమ్మ రోజూ ఒక గుప్పెడు గడ్డి ఎక్కువ కూరేది. వారం తిరిగేసరికి 'నిల్వలో గణనీయమైన వృద్ధి' అని కూడా రాశాడు.

ఈ ఉపాయం రెండు రోజుల్లో ఊరంతా పాకింది. అందరికీ దున్నపోతులు లేవు. కొందరు ఎద్దులకు తొడిగారు. ఒకాయన వరిగడ్డి వామికే తొడిగి నంబరు పలక కట్టాడు. ఆ వామి కూడా ప్రశాంతంగానే ఉందని రికార్డయింది. సీలు తియ్యనివాడు ఊరు మొత్తం మీద బాపయ్య మాస్టారు ఒక్కడే.

ఏడు పని దినాలకు ఆయన దరఖాస్తుకు జవాబు వచ్చింది. 'గిడ్డంగి నంబరు పన్నెండులో రెండు నిష్క్రమణ ద్వారములు ముందస్తు అనుమతి లేకుండా మూసివేయబడినట్లు మీ దరఖాస్తును బట్టి తేలినది. పదిహేను దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను.' మాస్టారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంజాయిషీ కూడా రాశాడు, అక్షరదోషం ఒక్కటీ లేకుండా. ఆ మర్నాడు శాంతను సంతకు తోలాడు. రెండు రొమ్ములు పోయిన గేదెను సంతలో పాల కోసం ఎవరూ కొనరు. ఎందుకోసం కొంటారో ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆయన్ను ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి ఆయన కేంద్రం ఉన్న వీధిలోకి రావడం మానేశాడు.

పాలైతే దిగుతున్నాయి గానీ పోసే చోటు లేదు. సీలున్న గేదె పాలు విడుదల ఉత్తర్వు లేనిదే కేంద్రం ముట్టుకోదు. ప్రతి ఇంట్లోనూ పెరుగే, వెన్నే. ఎవరు ఎవరికి అమ్ముకుంటారు? మూడు మైళ్ల అవతల పట్నంలోనేమో పాల ప్యాకెట్టు కనిపించడం మానేసింది. తిరపతమ్మ అత్త బతికున్న రోజుల్లో కేంద్రాలూ ప్యాకెట్లూ లేవు. గేదెను తోలుకుపోయి ఇంటి ముందు నిలబెట్టి, కొనేవాళ్ల కళ్లముందే చెంబులోకి పిండి ఇచ్చి వచ్చేది. తిరపతమ్మ కూడా తెల్లారి కాటుకనూ దూడనూ తోలుకుని పట్నం బాట పట్టింది. అడ్డదారిన పోతే మొదట తగిలేది ఆఫీసర్ల కాలనీ. లీటరు అరవై చెప్పింది. గేట్లు తీసుకుని, గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు బయటికొచ్చారు. మూడు ఇళ్లు దాటేసరికి కాటుక పాలు అయిపోయేవి.

నెల తిరిగింది. ఊళ్లన్నిటా పాలు గిడ్డంగుల్లో ఉండిపోవడంతో కేంద్రం ముందున్న బోర్డు మీద ధర ఎక్కుతూ ఎక్కుతూ తొంభైకి చేరింది. ఆ జిల్లాలో పాడి పుట్టిన తర్వాత అంత ధర ఎవరూ వినలేదు. మండలి విజయోత్సవం ప్రకటించింది. అదే షామియానా, అదే మైకు. ఉత్తమ గిడ్డంగిగా పొట్టివానిపాలెం నలభై ఏడో నంబరును ఎంపిక చేశారు. ముప్పై ఒక్క రోజులు, నూట ఎనభై ఆరు లీటర్లు, నష్టం సున్నా.

పోతురాజును వేదిక పక్కన నిలబెట్టారు. నెల గడ్డి కూరిన సంచి నేలకు తగులుతోంది. పరాంకుశరావు స్వయంగా బంతిపూల దండ వేశాడు. ఫణీంద్ర ఆ గిడ్డంగిని గోడ అడ్డం లేకుండా దగ్గర్నుంచి చూడటం సీలు వేసిన రోజు తర్వాత ఇదే మొదటిసారి. చూశాడు. వంగి కింద మరోసారి చూశాడు. మొహం పాలిపోయింది. సంచాలకుడి చెవి దగ్గరకొచ్చి గుసగుసలాడాడు. పక్కనే తాడు పట్టుకుని నిలబడిన తిరపతమ్మ చెవి అటు ఒగ్గింది. ఇది బయటపడితే తర్వాత వెతికేది కాటుక కోసమే.

"సర్, ఇది దున్నపోతు సర్."

పరాంకుశరావు దండ సరిచేస్తూ పెదవులు కదలకుండా అడిగాడు. "రికార్డు ఏమంటోంది?"

"నూట ఎనభై ఆరు లీటర్లు అంటోంది సర్."

"సంతకం ఎవరిది?"

"కింద నాది సర్. పైన తమరిది."

"అయితే అంతే" అన్నాడు పరాంకుశరావు.

ఇద్దరూ ఫోటోగ్రాఫరు వైపు తిరిగి నవ్వారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడని వెనకటికి ఎవరినో ఆడిపోసుకుంటారు గానీ, ఆ పెద్దమనిషికి దానికో నంబరూ, రిజిస్టరూ ఇచ్చి ఉంటే అంత అపకీర్తి వచ్చేది కాదు.

తిరపతమ్మకు ధైర్యం వచ్చింది. ఇక అడగాల్సింది అడిగేసింది.

"తొంభై పలుకుతోంది గదా సారూ. ఇయ్యాల నుంచైనా కేంద్రంలో మా పాలు పోయించుకోండి."

పరాంకుశరావు చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "విడుదల చేస్తే ధర పడిపోతుందమ్మా. ధర స్థిరంగా ఉండాలంటే సరుకు లోపలే ఉండాలి. ఇంత మంచి ధర సాధించి పెట్టాక దానిని మీరే పాడుచేసుకుంటారా?"

అమ్మడానికి వీల్లేని ధర తొంభై అయితేనేం, తొమ్మిది వందలైతేనేం? బాపయ్య మాస్టారు ఉండి ఉంటే చప్పట్లు కొట్టేవాడో లేదో, ఆయన మాత్రం ఆ రోజు రాలేదు. ముందు వరసలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

మర్నాడు తిరపతమ్మ కాటుకను తోలుకుని ఆఫీసర్ల కాలనీలో రెండో వీధి మూడో గేటు ముందు ఆగింది. రోజూ వచ్చే ఇల్లే. ఇంటావిడ గిన్నె పట్టుకుని వచ్చింది. దూడ కుడిచింది, కాటుక చేపింది. తిరపతమ్మ దూడను పక్కకు లాగి కట్టి, మోకాళ్ల మీద కూర్చుని, గిన్నె అందుకుంది. ఆ రోజు ఇంటాయన కూడా లేచాడు. పేపర్లో తన ఫోటో చూసుకుంటూ వరండాలోంచి గేటు దగ్గరికి నడిచొచ్చాడు. వచ్చింది పరాంకుశరావు.

కాటుకను ఎగాదిగా చూశాడు. మెడలో పలక లేదు. వీపు మీద లక్క లేదు.

"ఏమిటిది? ఇది ఎన్నో నంబరు గిడ్డంగి?"

"ఇది గిడ్డంగి కాదు సారూ. గేదె" అంది తిరపతమ్మ.

"సీలు లేకుండా సరుకు తీస్తున్నావా? ఇది నేరమని తెలుసా?"

"మీరు మూడు వారాలుగా తాగుతున్న కాఫీ ఇదేనండీ" అంది ఇంటావిడ. "బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుంటున్నారుగా. నేరం గీరం అన్నారంటే రేపటి నుంచి కషాయం తాగండి." ఆవిడ తిరపతమ్మ వైపు తిరిగింది. "లీటరు పొయ్యి తల్లీ. అరవై తెచ్చాను."

"వందమ్మా ఇయ్యాల."

"వందా! నిన్న అరవైయే గదా?"

"తొంభై అని బోర్డు మీద రాయించింది సారే గందమ్మా. నేనేం సొంతంగా పెంచలా."

పరాంకుశరావు గొంతు సవరించుకున్నాడు. "మిగతా పది దేనికి?"

"పన్నెండో నంబరుది సారూ. మా బాపయ్య మాస్టారి శాంతది. రెండు రొమ్ములు పోయినియ్యి. సంతకు తోలాడు. మీ ఇంటి కాడ మటుకు రోజూ లీటరుకు పది వసూలు చేసి ఆయన చేతిలో పెడతా. తమరు సంజాయిషీ అడిగారంటగా, ఇది మీరు ఇయ్యాల్సిన సంజాయిషీ అనుకోండి."

"అటువంటి పద్దు నిబంధనలలో లేదు" అన్నాడు పరాంకుశరావు.

"అయితే నిల్వ కొనసాగించమంటారా?"

ఇంటావిడ మొగుడి వైపు చూసింది. కాటుక చేపి నిలబడి ఉంది, రొమ్ముల చివర పాలు నిలిచి మెరుస్తున్నాయి. తిరపతమ్మ రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుని, పరాంకుశరావు చెయ్యి జేబులోకి పోయేదాకా కదలకుండా కూర్చుంది.